ముందు ఇరుసు

నవంబరు రెండో వారంలో ఒక మధ్యాహ్నం సవేత తన జీపును మెకానిక్ తావి షెడ్డు ముందు ఆపి, చలి ముదరక ముందే ముందు ఇరుసులో రెండు చక్రాలనూ కలిపి పట్టే లాకర్ వేసిపెట్టమని అడిగింది. తావి చేతిలోని స్పానరు బల్ల మీద పెట్టాడు. ముందు ఇరుసులు తాను విప్పడం లేదని చెప్పాడు.

ఆ సంగతి మా వాద్ ఊళ్ళో అందరికీ తెలిసిందే. ఇంజను, బ్రేకులు, క్లచ్, వెనక ఇరుసు, ట్రాక్టర్లు, కలప మిల్లు రంపాలు, ఏది తెచ్చినా తావి బాగుచేసేవాడు. ముందు ఇరుసు జోలికి మాత్రం ఐదేళ్ళుగా పోవడం లేదు. ఎవరైనా తెస్తే పట్నానికి పంపేసేవాడు. ఎందుకని ఎవరూ గుచ్చి అడగలేదు. అన్న పోయాక మనిషి మారిపోయాడులే అని సరిపెట్టుకున్నారు. ఆ అన్న పేరు వియోరెల్. సవేత అతని భార్య.

నేను వాద్ పోస్టాఫీసులో పనిచేస్తాను. ఈ కథలో కొంత సవేత చెప్పింది, కొంత తావి చెప్పాడు. ఇద్దరూ వేరువేరుగా చెప్పినా ఎక్కడా తేడా రాలేదు.

సవేత నర్సు. మా ఊరి పైన కొండల మీద విసిరేసినట్టుండే పదకొండు పల్లెలకూ ఆమె ఒక్కతే దిక్కు. పంచాయతీ వాళ్ళిచ్చిన పాత జీపులో తిరుగుతుంది. నాలుగు చక్రాలకూ బలం అందే బండే అది. అయినా కిందటి చలికాలం ఆమెను నడిరోడ్డు మీద వదిలేసింది.

పై పల్లె కోర్బెనిలో గ్లిగోర్ అని ఒంటరి మనిషి ఉండేవాడు. షుగరు జబ్బు, రోజూ సూదిమందు. ఒక ఉదయం పక్కింటివాళ్ళు ఫోన్ చేసి, గ్లిగోర్ చెమటలు కక్కుతున్నాడనీ, పొంతన లేకుండా మాట్లాడుతున్నాడనీ చెప్పారు. షుగరు పడిపోయిందని గ్రహించి సవేత వెంటనే బయల్దేరింది. కోర్బెని కింద చివరి ఎత్తు దగ్గర ఎడమ ముందు చక్రం గడ్డకట్టిన గాడిలో పడింది. ఎంత తొక్కినా బండి కదల్లేదు. మంచులో జారకుండా చక్రాలకు చుట్టే చెయిన్లు తీసి వేయబోతే ఒకటి మెలికపడి బిగుసుకుపోయింది. దానితో కుస్తీ పట్టి, వేళ్ళు కొంకర్లు పోయి, చివరికి వదిలేసి నడిచింది. మోకాలి లోతు మంచులో గంట నడక. ఆమె వెళ్ళేసరికి గ్లిగోర్ పోయి అరగంటయింది. పొయ్యి మీద టీ ఇంకా మరుగుతూనే ఉంది.

తావితో ఆ రోజు షెడ్డు ముందు ఆమె ఇదే చెప్పింది. "ఒక చక్రం ఊరికే గిర్రున తిరుగుతోంది తావీ. రెండోది గట్టి నేల మీదే ఉంది. అది మాత్రం కదలదు. పక్కదాన్ని చూస్తూ నిలబడింది. నా జేబులో గ్లూకోజు ఉంది. ఒక్క చక్రం లాగి ఉంటే ఆయన బతికేవాడు."

చెయిన్లు కొత్తవి కొనుక్కోమన్నాడు తావి. కొన్నానంది. కానీ దారిలో సగం మంచు, సగం రాయి. చెయిన్లు వేసుకుని రాళ్ళ మీద పోతే తెగుతాయి. వేస్తూ తీస్తూ పోతే పొద్దు గడిచిపోతుంది. పట్నంలో బండి సామాన్లు అమ్మేవాడు ఆటోమేటిక్ లాకర్ వేయించుకోమన్నాడట. చవక, గట్టిది, మీటా బటనూ ఏమీ ఉండవు, తనంతట తానే పట్టుకుంటుంది, అడవిలో కలప లాగేవాళ్ళంతా అదే వాడుతున్నారు అన్నాడట. అతనిచ్చిన కాగితం మడత విప్పి తావికి చూపించింది. తావి దాన్ని చేతిలోకి తీసుకోలేదు.

"నీ చేత్తో వియోరెల్ బండికి వేసింది ఇదే కదా," అంది సవేత. "ఆ చలికాలమంతా నిన్ను పొగడ్డంతోనే సరిపోయింది ఆయనకి. నాకు వేయడానికేమైంది?"

తావి గుడ్డతో చేతులు తుడుచుకోసాగాడు.

"సరే. నీకు కుదరకపోతే పట్నంలో వేయిస్తా. గురువారం రమ్మన్నారు."

ఆమె జీపెక్కి వెళ్ళిపోయింది. తావి ఆ రోజు మరే పనీ ముట్టుకోలేదు.

బండి తిరగాలంటే బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి. ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ ఆ తేడాకు వీలిస్తుంది. అందువల్లే బండి మలుపు తిరగగలదు. కానీ దానికి ఒక చెడ్డ గుణముంది. ఏ చక్రం జారుతుంటే బలమంతా దానికే పోతుంది. లాకర్ అనేది ఆ రెండు చక్రాలనూ కలిపి కట్టేస్తుంది. అప్పుడు ఒకటి జారినా రెండోది లాగుతుంది. ఈ మాత్రం తావి చెబితే నాకూ అర్థమైంది. అర్థం కానిది ఏమిటంటే, మరి ఎందుకు వద్దంటున్నాడని.

వియోరెల్ పై పల్లెలకు రొట్టె, పిండి, గ్యాసు సిలిండర్లు చేరవేసేవాడు. పెద్ద నవ్వు, పెద్ద గొంతు. అతని బండి వస్తోందంటే బండి చప్పుడు కంటే ముందు పాట వినిపించేది. ఆరేళ్ళ కిందట, ఏ ఎత్తూ తనను ఆపకూడదని, ముందు ఇరుసులో లాకర్ వేయమని తమ్ముణ్ణి అడిగాడు. తావి సంతోషంగా వేశాడు. ఆ డిసెంబరు, జనవరి నెలల్లో వియోరెల్ బండి ఎక్కని ఎత్తు లేదు. ఫిబ్రవరిలో ఒక పగలు కాస్త ఎండ కాసి మంచు కరిగింది. మర్నాటి ఉదయానికి ఆ నీరంతా గాజులా గడ్డకట్టింది. వియోరెల్ ఖాళీ సిలిండర్లతో కోర్బెని నుంచి దిగుతున్నాడు. రాతి మలుపు దగ్గర అతని బండి తిరగలేదు. తిన్నగా లోయలోకి పోయింది.

మంచు మీద వేగంగా వచ్చాడని పోలీసులు రాసుకున్నారు. బండిని పైకి లాగింది తావి. అప్పుడతను చూసినదొకటుంది. ముందు చక్రాలు రెండూ మలుపు వైపే తిరిగి ఉన్నాయి, చివరిదాకా. రోడ్డు మీద చక్రాల జాడ మాత్రం గీత గీసినట్టు తిన్నగా ఉంది. అన్న స్టీరింగు తిప్పాడు. బండి వినలేదు. అప్పటికింకా తావికి కారణం తెలియదు. ఆ తర్వాత నెలల తరబడి పుస్తకాలు తిరగేసి, పట్నం మెకానిక్కులను అడిగి తెలుసుకున్నాడు. రెండు ముందు చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతుంటే, జారే నేల మీద అవి పక్కకు పోవడానికి ఒప్పుకోవు. బండి ముక్కు తిన్నగానే పోతుంది. తెలిసిన రోజున ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తర్వాత చెప్పడానికి ప్రతిరోజూ ముందటి రోజుకంటే కష్టమైంది. సవేత ఎదురుపడితే పలకరించేవాడు. ఆమె ఇంటి కప్పు బాగుచేశాడు, కట్టెలు కొట్టించి పంపాడు. గడప దాటి లోపలికి మాత్రం ఎప్పుడూ వెళ్ళలేదు.

బుధవారం మధ్యాహ్నం, చివరి రోగి వెళ్ళిపోయాక, తావి ఆమె పనిచేసే గదికి వెళ్ళాడు. సవేత కట్టుగుడ్డలు చుట్టి డబ్బాలో పెడుతోంది. కూర్చోమంటే కూర్చోలేదు. టోపీ తీసి చేతిలో పట్టుకుని, నిలబడే మొత్తం చెప్పాడు. లాకర్ సంగతి, చక్రాలు తిరిగి ఉండటం, రోడ్డు మీది జాడ, తాను తెలుసుకున్నది, దాచినది. ఆమె మధ్యలో అడ్డు రాలేదు. చేతులు కట్టుగుడ్డ చుడుతూనే ఉన్నాయి.

అతను చెప్పడం అయ్యాక సవేత రోగిని అడిగినట్టు అడిగింది. "అది లేకపోతే బతికేవాడా?"

"చెప్పలేను వదినా. రోడ్డు నిజంగానే గాజులా ఉంది. కానీ అది లేకపోతే బండి కొంచెమైనా తిరిగేది. ఆ మలుపుకి కొంచెం చాలు."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఆ వేసవిలో."

"అంటే ఐదేళ్ళు."

"అవును."

చేతిలోని చుట్టను డబ్బాలో పెట్టి మూత వేసింది. "వెళ్ళు," అంది.

గురువారం ఆమె పట్నం వెళ్ళలేదు. అంతవరకు తావికి తెలుసు, జీపు రోజంతా వాకిట్లోనే ఉంది. ఆ తర్వాత పది రోజులు ఆమె షెడ్డు ముందు నుంచి పోతూ తల తిప్పలేదు. పోస్టాఫీసుకు వచ్చినప్పుడు నాతోనూ ముక్తసరిగా మాట్లాడింది. ముఖం పీక్కుపోయింది. ఒంట్లో బాగుందా అని అడిగితే, తాను నర్సునని గుర్తుచేసింది. ఆదివారం చర్చిలో వియోరెల్ పేరున వెలిగించే కొవ్వొత్తిని చాలాసేపు చేత్తోనే పట్టుకుని నిలబడింది.

పదకొండో రోజు షెడ్డులోకి వచ్చింది. తలుపు దగ్గరే ఆగి, నువ్వు చెప్పినంత మాత్రాన నాకు ఏమీ తెలియదు, ఆ బండిలో ఆయనకు ఏమైందో నా చేతులకు తెలియాలి, చూపించు అంది.

వియోరెల్ బండిలోంచి తీసిన లాకర్‌ను తావి నూనె గుడ్డలో చుట్టి బల్ల కింద పెట్టి ఉంచాడు. పారేయలేకపోయాడు. అతని సొంత జీపు కూడా అదే రకం. రెండు రోజులు కూర్చుని, ఐదేళ్ళ తర్వాత మొదటిసారి ముందు ఇరుసు విప్పి, ఆ లాకర్‌ను తన బండిలో బిగించాడు. అప్పటికి చలి బాగా పట్టుకుంది. కలప మిల్లు వెనక చదునైన పెద్ద జాగా ఉంది. వాగు నీరు ఊరి అక్కడ ఏటా పలకలా గడ్డకడుతుంది. ఇద్దరూ పగటిపూట అక్కడికి వెళ్ళారు. మిల్లు వాళ్ళు రంపాలు ఆపి కొంతసేపు వింతగా చూసి, మళ్ళీ పనిలో పడ్డారు.

ముందు సవేత తన జీపుతో ఒక చుట్టు తిరిగింది. మెల్లగా, జారుతూ, అయినా తిరిగింది. తర్వాత తావి బండెక్కింది. తావి పక్కన కూర్చున్నాడు. నాలుగు చక్రాలకూ బలం కలిపి, రెండో గేరులో పెట్టి, స్టీరింగును ఎడమకు పూర్తిగా తిప్పమన్నాడు. తిప్పింది. స్టీరింగు చేతుల్లో బరువెక్కింది. చక్రాలు తిరిగాయి, బండి తిరగలేదు. తిన్నగా పోయి రంపపు పొట్టు గుట్టలో ముక్కు దూర్చి ఆగింది.

సవేత వెనక్కి తీసి మళ్ళీ చేసింది. మళ్ళీ పొట్టు గుట్టలోకే. ఆరేడుసార్లు చేసింది. ప్రతిసారీ ఏదో ఒకటి మార్చింది. ఒకసారి వేగం తగ్గించింది. ఒకసారి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసింది, అయినా ఇంజను చక్రాలను పట్టి ఉంచడం వల్ల బండి తిన్నగానే పోయింది. చివరికి క్లచ్ నొక్కింది. లోపల టకటకమని చప్పుడై బండి ముక్కు ఎడమకు తిరిగింది.

ఆమె బండి ఆపింది. "క్లచ్ నొక్కితే వదిలేస్తోంది."

"అవును. ఇంజను బలం తగలకపోతే వదులవుతుంది."

"దిగుడులో ఆయన క్లచ్ నొక్కేవాడు కాదు."

"నొక్కడు. మంచు మీద గేరులోనే దిగాలని నాన్న మా ఇద్దరికీ చేతుల మీద కొట్టి మరీ నేర్పాడు."

సవేత స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చుంది. అద్దాల మీద వాళ్ళ ఊపిరి ఆవిరి పట్టింది. మిల్లులో రంపం ఒక దుంగను కోసి ఆగింది.

"ఇది నీకు అప్పుడు తెలియదా తావీ?"

"తెలియదు. ఎలా ఎక్కుతుందనే చూశాను. ఎలా దిగుతుందని ఆలోచించలేదు."

"ఆలోచించాల్సింది నువ్వే కదా."

"నేనే."

దానికి మించి అతను ఏమీ అనలేదు. సవేత నాతో చెప్పినప్పుడు, ఆ ఒక్క మాట దగ్గర తనకు కొంచెం ఊపిరి ఆడిందని చెప్పింది. అతను ఇంకేదైనా కారణం చెప్పి ఉంటే, బండి దిగి ఇంటికి నడిచిపోయేదాన్నని కూడా అంది.

ఆ సాయంత్రం పొద్దుండగానే తావిని ఇంటికి రమ్మంది. అతను ఆ వంటింట్లో కూర్చుని ఐదేళ్ళు దాటింది. చిక్కుడుగింజల పుల్లటి సూపు, ఉల్లిపాయ ముక్కలు, రొట్టె పెట్టింది. తాను తినలేదు. పట్నం నుంచి తెచ్చిన కాగితాలన్నీ బల్ల మీద పరిచి, ఇక సరిగా చెప్పమంది. ఇంకే రకాలున్నాయి? దేనిలో ఏం చెడుంది? మంచి సంగతి తర్వాత చెప్పు, ముందు చెడు చెప్పు అంది.

తావి చెంచా పక్కన పెట్టి చెప్పాడు. ఆటోమేటిక్‌ది ఎలాగూ వద్దు. రెండోది మీట నొక్కితే పట్టేది. మీట నొక్కనంత సేపు మామూలు ఇరుసులాగే ఉంటుంది, నొక్కితే రెండు చక్రాలనూ గట్టిగా కలిపేస్తుంది. ఎక్కడానికి దానిని మించింది లేదు. చెడు ఏమిటంటే, దానికి గాలి గొట్టాలు కావాలి. గొట్టంలో చెమ్మ చేరితే బాగా చలిగా ఉన్న రోజున గడ్డకట్టి పట్టకపోవచ్చు, పట్టింది వదలకపోనూ వచ్చు. అంతకంటే పెద్ద చెడు మనిషిది. ఎత్తెక్కాక మీట తీయాలి. తీయడం మరిచిపోయి దిగితే, దిగేది ఈ మధ్యాహ్నం చూసిన బండే.

"నేను మర్చిపోతా," అంది సవేత వెంటనే. "పేషెంటు గుమ్మం కనిపించిందంటే బండి సంగతి నా బుర్రలో ఉండదు. కిందటి వారం ఇంజను ఆపకుండానే దిగిపోయా."

మూడోది పూర్తిగా పట్టేది కాదు. లోపల ఏటవాలు పళ్ళ గేర్లుంటాయి. ఏ చక్రానికి పట్టు ఉంటే దానికి కాస్త ఎక్కువ బలం మళ్ళిస్తాయి. మెత్తగా చేస్తాయి, కుదుపు ఉండదు, స్టీరింగు మన మాట వింటుంది. మీట లేదు, గొట్టం లేదు, గుర్తుపెట్టుకోవాల్సిందీ లేదు. చెడు ఏమిటని అడిగింది ఆమె. చక్రం పూర్తిగా గాలిలోకి లేచిపోతే అది ఏమీ చేయలేదని చెప్పాడు. దానికి పంచడానికి రెండువైపులా ఎంతో కొంత ఒత్తిడి ఉండాలి. అలాంటప్పుడు బ్రేకు కొంచెంగా తొక్కి పట్టుకుని యాక్సిలరేటర్ ఇస్తే ఆ తేలిన చక్రం కాస్త బరువెక్కి, రెండోది లాగొచ్చు. లాగకపోనూ వచ్చు.

"అంటే ఏదో ఒక రోజు నన్ను దారిలో వదిలేస్తుంది."

"వదిలేస్తుంది వదినా. ఎప్పుడని చెప్పలేను గానీ, వదిలేస్తుంది."

"నడవడం నాకు తెలుసు," అంది సవేత. "ఎక్కలేకపోతే దిగి నడుస్తా. తిరగకపోతే దిగడానికి కూడా ఉండదు. ఇదే తెప్పించు."

తర్వాత కాగితాలు మడిచి, అతని ముందున్న సూపు చల్లారిందని పొయ్యి మీద వెచ్చబెట్టి మళ్ళీ పోసింది. అతను వెళ్ళేటప్పుడు గడప దగ్గర ఆపి, నీ మీద కోపం పోయిందనుకోకు అని చెప్పింది. అనుకోవడం లేదన్నాడు.

సామాను డిసెంబరు మొదట్లో వచ్చింది. బిగించడానికి మూడు మధ్యాహ్నాలు పట్టింది. ఆ మూడు రోజులూ సవేత పని కాగానే షెడ్డుకు వచ్చి, బోర్లించిన డబ్బా మీద కూర్చుని చూసింది. ఏ గేరు ఎందుకో అడిగింది. బోల్టు బిగించేటప్పుడు తావి స్పానరు జారితే, నా సూది ఇలా జారితే ఊళ్ళో ఒక్కరూ మిగలరు అని దెప్పింది. అతను నవ్వలేదు గానీ చేయి కుదురుకుంది. పళ్ళ మధ్య సందు ఎంత ఉండాలో కొలిచి, నచ్చక విప్పి, మళ్ళీ కొలిచాడు. అలా నాలుగుసార్లు. చివరిసారి ఆమె కూడా కొలత చూపే పరికరం మీదికి వంగి చూసింది.

జనవరిలో, చర్చివాళ్ళు నీళ్ళను దీవించే నీళ్ళ పండుగ వెళ్ళిన మర్నాడు కోర్బెనికి పోవాల్సి వచ్చింది. అక్కడ రూజ అనే ముసలావిడకు కాలి మీద మానని పుండు, వారానికి రెండు కట్లు. చలి బాగా ఉంది, రోడ్డంతా గట్టిపడింది. సవేత షెడ్డు ముందు ఆగి, ఈ ఒక్కసారి పక్కన కూర్చోమంది. నువ్వు వేసినది నువ్వు కూడా చూడాలి కదా అంది.

గ్లిగోర్ రోజున ఆగిన ఎత్తు దగ్గరే ఎడమ చక్రం మళ్ళీ గాడిలో పడింది. జారింది. జీపు ఒక్క క్షణం తటపటాయించి, కుడి చక్రం మెత్తగా అందుకుని, పైకి లాగింది.

రూజ వాళ్ళిద్దర్నీ చూసి, "ఏంటమ్మా నర్సమ్మా, ఈసారి మెకానిక్కుని వెంటబెట్టుకొచ్చావు? నా కాలికి నట్లు బిగిస్తాడా?" అంది. తావి పొయ్యిలోకి కట్టెలు తెచ్చిపెట్టాడు. కట్టు మార్చాక రూజ రేగుపళ్ళంత చిన్న ఆపిళ్ళు ఒక గిన్నెడు ఇచ్చి పంపింది.

తిరుగుదారిలో రాతి మలుపు వచ్చింది. అక్కడ వియోరెల్ పేరున ఒక చెక్క శిలువ ఉంది. సవేత రెండో గేరులో, క్లచ్ మీద కాలు పెట్టకుండా, అందరూ దిగే పద్ధతిలోనే దిగింది. స్టీరింగు తిప్పింది. వెనక భాగం కొంచెం జారింది, ముందు చక్రాలు మాత్రం మాట విని మలుపులోకి తిరిగాయి. తిరిగాక బండి పక్కకు తీసి ఆపింది. ఇద్దరూ దిగి వెనక్కి నడిచారు. తావి అన్న బండిని పైకి లాగిన రోజు తర్వాత ఆ చోట నిలబడటం అదే మొదటిసారి. టోపీ తీశాడు. లోయలోకి చూడలేదు, రోడ్డునే చూశాడు.

"నేను పట్నంలో వేయిస్తాననకపోతే నువ్వు చెప్పేవాడివా?" అంది సవేత.

"లేదు."

"ఇంకో ఐదేళ్ళు గడిపేవాడివి."

"గడిపేవాణ్ణేమో."

"అది నేను మర్చిపోలేను తావీ. లాకర్ సంగతి మర్చిపోతా. నీకు తెలియదు, తెలియక చేశావు. ఇది మాత్రం తెలిసి చేశావు."

తావి ఏడ్చాడు. ఆమె ఓదార్చలేదు, అక్కడి నుంచి కదలనూ లేదు. అతను తేరుకునే దాకా పక్కనే నిలబడి, శిలువ మీద పేరుకున్న మంచును చేతి తొడుగుతో తుడిచింది. తర్వాత చలి ఎక్కువవుతోంది పద అంది.

ఆ ఫిబ్రవరిలో వియోరెల్ పేరున చర్చిలో జరిగిన స్మరణకు తావి వచ్చాడు. ఏటా వెనక వరసలో నిలబడి, అందరికంటే ముందు వెళ్ళిపోయేవాడు. ఈసారి సవేత పోయినవాళ్ళ పేరున ఇచ్చే ఉడికించిన గోధుమలు పళ్ళెంలో పంచుతూ అతని దగ్గరికి కూడా వచ్చింది. అతను తీసుకుని తిన్నాడు. నేనూ అక్కడే ఉన్నాను. వాళ్ళ మధ్య ఏదో తేలిపోయిందని ఊళ్ళో అనుకున్నారు. తేలిపోలేదని నాకు తెలుసు. కానీ ఒకరి ముఖం ఒకరు చూడగలుగుతున్నారు.

ఆ వారం లోపే తావి మళ్ళీ ముందు ఇరుసులు విప్పుతాడని పై పల్లెలకు కబురు పాకింది. కలప లాగేవాళ్ళు ఇద్దరు వచ్చి ఆటోమేటిక్ లాకర్ వేయమన్నారు. అతను వాళ్ళను ముందు మిల్లు వెనక జాగాకు తీసుకెళ్ళి, ఆ లాకర్ ఇంకా ఉన్న తన బండిచ్చి, తిప్పి చూడమన్నాడు. అడవిలో మెత్తటి బురదలో నెమ్మదిగా పోయే బండికి అది బాగానే పనిచేస్తుందనీ, మంచు మీద దిగే బండికి పనికిరాదనీ, ఎందుకో తన అన్న పేరు చెప్పి మరీ వివరించాడు. ఒకడు తిట్టుకుంటూ పట్నం పోయాడు. రెండోవాడు వేరే రకం వేయించుకున్నాడు.

మార్చి మొదట్లో పైన మంచు కరిగి రోడ్డు కింది తూము ఒకచోట కొట్టుకుపోయింది. ఇలియానా అనే నిండు చూలాలికి నొప్పులు మొదలయ్యాయని కోర్బెని అవతలి పల్లె నుంచి ఉదయం కబురొచ్చింది. తూము దగ్గర సవేత జీపు ముందు చక్రం ఒకటి పూర్తిగా గాలిలో తేలింది. తావి చెప్పినట్టు బ్రేకు తొక్కిపట్టి చూసింది. లాగలేదు. మళ్ళీ చూసింది. లాగలేదు. సంచీ భుజాన వేసుకుని, నడుస్తూనే తావికి ఫోన్ చేసి, ట్రాక్టరూ ట్రాలీ తెమ్మంది. ట్రాలీలో గడ్డి పరుచుకుని రమ్మంది. వదిలేసిందా అని అతను అడిగాడట. వదిలేసింది, నువ్వు చెప్పిందే, త్వరగా రా అందట.

ముప్పావు గంట నడిచి ఆమె ఆ ఇంటికి చేరేసరికి ఇంకా సమయముంది. బిడ్డ అడ్డం తిరిగిందని చేత్తో తడిమి చూసి తెలుసుకుంది, అక్కడ కాన్పు చేయకూడదని నిశ్చయించుకుంది. తావి పొలాల మీదుగా చుట్టు తిరిగి, ట్రాక్టరుకు చెయిన్లు వేసుకుని వచ్చాడు. ఇలియానాను దుప్పట్లలో చుట్టి గడ్డి మీద పడుకోబెట్టారు. సవేత ఆమె తల ఒడిలో పెట్టుకుని కూర్చుంది. దిగుడు మొత్తం తావి నడక కంటే మెల్లగా నడిపాడు. మధ్యలో రెండుసార్లు సవేత వెనక నుంచి, ఇంకొంచెం తొందరగా పో అని చెప్పింది. రెండుసార్లూ అతను ఇంతకంటే తొందరగా పోనని చెప్పాడు. తారు రోడ్డు దగ్గర అంబులెన్సు ఎదురుచూస్తోంది.

ఆ మధ్యాహ్నమే పట్నం ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. తల్లీబిడ్డా క్షేమమని నాకు ఫోన్ చేసి చెప్పింది సవేత, పై పల్లెకు కబురు పంపమని. జీపు ఆ తూము దగ్గరే రెండు రోజులు ఒరిగి ఉంది. మూడో రోజు తావి వెళ్ళి లాక్కొచ్చాడు.